కుడిచేతి ఇంటి కంప

శుభకృత్ నామ సంవత్సరం, ఆషాఢ బహుళ అమావాస్య, గురువారం. ఆకాశమంతా మబ్బే గాని చినుకు లేదు. గాలి స్తంభించిపోయింది. చెట్టుమీద ఆకు కదిలితే ఒట్టు. అలాంటి ఉక్కపోత రోజు పొద్దున్నే, అనగనగా ఒక రాజు తన మేడమీద నిలబడి ఒక పొరపాటు చేశాడు.

కథలో రాజుకి తిథీ వారం ఎందుకంటారా? మంచి పని జరిగిన రోజు ఎవరికీ గుర్తుండదు పిల్లలూ. పొరపాటు జరిగిన రోజే ఊరంతటికీ గుర్తుంటుంది.

ఆ రాజు పేరు దయాసింహుడు. ఆయన ఊరు రేగుగిరి. ఊరి చుట్టూ అడవి. అడవి నిండా చిరుతపులులు, దుమ్ములగొండులు, కోరలున్న అడవిపందులు. వాటికీ ఊరికీ మధ్య ఉన్నది ఒక్క ముళ్ళకంచె. దాన్ని ఏ రాజూ కట్టించలేదు. గుండ్రంగా ఉన్న ఆ ఊళ్ళో ప్రతి ఇల్లూ ఆ కంచెకి ఎదురుగానే ఉండేది. ప్రతి అమావాస్య పొద్దున ఇంటికొకరు వెళ్ళి ఒక రేగు కంపో తుమ్మ కంపో నరుక్కొచ్చి కంచెమీద వేసేవారు. అయితే ఎవరి ఇంటి ముందు వాళ్ళు వేసుకోకూడదు. తన కుడిచేతి ఇంటివాళ్ళ ముందు వేయాలి. అది ఆ ఊరి ఆచారం. అంటే, నీ ఇంటి ముందు కంచె నీ ఎడమచేతి ఇంటివాడి చేతిలో ఉంటుంది. నీ చేతిలో ఉన్నది నీ కుడిచేతి ఇంటివాడి ప్రాణం. తగాదాలు పడి మాటలు మానేసుకున్న వాళ్ళు కూడా కంప మానేవాళ్ళు కాదు. తిట్టుకుంటూనే వేసేవాళ్ళు.

ఈ వరసలో కోట కూడా ఒక ఇల్లే. కోట వాటా కంప బంట్లు వేసేవారు. కోటకి కుడిచేతి వైపు ఓబుళవ్వ అనే ఒంటరి ముసలమ్మ గుడిసె. ఎడమచేతి వైపు చెప్పులు కుట్టేవాళ్ళ ఇల్లు. కోట పక్కన గుడిసె ఏమిటంటే, పూర్వం ఎప్పుడో చీట్లు వేసి ఇళ్ళ స్థలాలు పంచుకున్నారట. చీటీకి రాజని తెలుసా, పేదని తెలుసా?

ఆ అమావాస్య పొద్దున మేడమీద నుంచి రాజు చూస్తే, ఓబుళవ్వ కంప ఈడ్చుకుంటూ పోతోంది. మోచేతుల దాకా గీరుకుపోయి నెత్తురు కారుతోంది. రాజు మనసు కరిగిపోయింది.

"నా ప్రజలకి ముళ్ళు గుచ్చుకుంటుంటే రాజునై ఉండి చూస్తూ కూర్చోనా?" అనుకున్నాడు. వెంటనే చాటింపు వేయించాడు. ఇకనుంచి ఎవరూ కంప ముట్టనక్కర్లేదు, కంచె సంగతి రాజే చూసుకుంటాడు.

చాటింపు విని ఓబుళవ్వ కోట గుమ్మం దగ్గరికి వచ్చింది. "మోయలేకపోతే మోయలేనని నేనే చెబుతాను కదా నాయనా. నన్నొక మాట అడిగావా?" అంది. రాజు నవ్వి ఆమెకి చీర పెట్టి పంపాడు.

దండభద్రుడు అనే ఆయన కంచె అధికారి అయ్యాడు. ఆయన కింద బంట్లు. బంట్లు కంప వేసేవారు గాని, అధికారి నడిచే దారిలో ఒత్తుగా, నడవని చోట పలచగా వేసేవారు. కొద్దిరోజులకే పలచని చోటునుంచి చిరుత దూరి మేకల్ని ఎత్తుకుపోయింది.

అప్పుడు వచ్చాడు వాడు. పేరు జటాకంటకుడు, మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతలివాడు. జడలు కట్టిన జుట్టు, జుట్టు నిండా ముళ్ళు. నడుస్తుంటే ఎండుటాకుల్లో పాము పోతున్నట్టు చప్పుడు.

"రాజా, ఎవరి చెయ్యీ పడనక్కర్లేని కంచె వేస్తాను" అన్నాడు.

"ఏమిస్తే వేస్తావు?"

"జీతం వద్దు, భత్యం వద్దు. మీ జనం మానేసిన పని నాకివ్వండి. ఒకడు మానేసిన పనిని ఇంకొకడు అందుకుంటే, ఆ పనిలో ఉన్న సొత్తు అందుకున్నవాడిదే. ఈ నియమం మీకూ నాకూ ఒక్కటే. సరేనా?"

"మానేసిన పనికి సొత్తేమిటయ్యా!" అని రాజు పకపకా నవ్వి సరేనన్నాడు.

మాంత్రికుడు జుట్టులోంచి ఒక ముల్లు తీసి నేలమీద వేశాడు. కన్ను మూసి తెరిచేలోగా ఊరిచుట్టూ తాటిచెట్టంత కంచె లేచింది. చిరుత కాదు కదా, చీమ దూరే సందు లేదు. జనం సంతోషించారు. కొడవళ్ళు అటకెక్కాయి. తోలు తొడుగుల్లో ఎలకలు పిల్లల్ని పెట్టాయి. దారిమీద రాయి అడ్డం పడితే "ఎవరో చూసుకుంటారులే" అనేవారు. పక్కింటి చంటిపిల్ల ఏడుస్తుంటే "ఎవరో చూసుకుంటారులే" అనేవారు. బావి తాడు తెగితే అదే మాట.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చండకేతు, కత్తి పట్టిన వీరుడు. రెండోవాడు రత్నకేతు, మాటకారి. మూడోవాడు మందారకేతు, పిరికివాడు. ఉరుముకి ఉలిక్కిపడేవాడు, పిల్లి దూకితే కెవ్వుమనేవాడు. అన్నలు నవ్వేవారు. కాని భయం ఉన్నవాడికే కంచెమీద కన్నుంటుంది. కంచె కదులుతోందని మొదట చూసింది వాడే.

మిట్టమధ్యాహ్నం, ఊరంతా నిద్రలో ఉన్న వేళ, కిర్రు కిర్రుమని చప్పుడు. కంచె వేళ్ళు పెకలించుకుని ఒక అడుగు లోపలికి వేసేది. మళ్ళీ వేళ్ళు దించుకునేది. మర్నాడు ఇంకో అడుగు. పొలాలు కంచెలో కలిశాయి. కంచే చేను మేస్తే అని పెద్దలు సామెత చెబుతారు గాని, వాళ్ళలో ఎవరూ కళ్ళారా చూసి ఉండరు. రేగుగిరిలో చూశారు. పచ్చజొన్న చేలో కంచె నిలబడి నెమరు వేసేది.

తర్వాత ఒక దూడ పోయింది. మెడలో గంట మాత్రం ముళ్ళలో వేలాడుతూ, గాలి లేకపోయినా మోగేది. తర్వాత కుమ్మరి గవరయ్య పెరడు పోయింది. కాలు చిక్కుకుని ఆయన గొంతు చించుకుని అరిచాడు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఎవరో వెళతారులే అని అందరూ అనుకున్నారు. చివరికి పంచె, కాలి చర్మం వదిలిపెట్టి ఆయనంతట ఆయనే బయటపడ్డాడు. కుండలు చేసే సారె మాత్రం లోపలే ఉండిపోయింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం పూట ముళ్ళ లోపల సారె తిరుగుతున్న చప్పుడు వినిపించేది. తిప్పేది ఎవరో!

చండకేతు సేనతో వెళ్ళి కంచె నరికాడు. ఒక కొమ్మ నరికితే రెండు మొలిచాయి. రెండు నరికితే నాలుగు. మధ్యాహ్నానికి కంచె అడుగు ముందుకు వేసింది. రాకుమారుడు లేడు. తలపాగా ముళ్ళమీద ఎర్రగా మిగిలింది.

రత్నకేతు వెళ్ళి మాంత్రికుణ్ణి పిలిచి బంగారం ఇస్తానన్నాడు. "బంగారమా? నువ్వే బంగారం అవు నాయనా" అన్న మాట వినిపించింది. ఆ చోట పచ్చటి పూలు పూసిన తుమ్మచెట్టు నిలిచింది. గాలికి మూలిగేది.

ఇక మిగిలింది మందారకేతు. వాడు కోట గోడ నీడలో వణుకుతూ కంచె చుట్టూ చూసుకుంటూ నడిచాడు. కంచె అన్ని ఇళ్ళ ముందుకీ జరిగింది గాని, కోట ముందు ఒక్కచోట, మనిషి పట్టేంత మేర, జరగలేక సందు వదిలింది. అక్కడ మామూలు రేగు కంపలు వేసి ఉన్నాయి. పాతవి, వాటిమీద కొత్తవి.

"ఏం చూస్తున్నారు చిన్నదొరా, కంప ఎప్పుడూ చూడలేదా?"

ఉలిక్కిపడి తిరిగాడు. చెప్పులు కుట్టే ఇంటి పిల్ల మాణిక్యం. చేతులకి తోలు తొడుగులు, భుజంమీద రేగు కంప.

"నువ్వా వేస్తున్నది? వేయవద్దని చాటింపు వేశారు కదా!"

"మా అమ్మ పోతూ పోతూ, కోట ముందు కంప మరవకే పిల్లా అంది. చాటింపు మా అమ్మకంటే పెద్దదా?"

"ఇంత పెద్ద కంచె ఉంటే నీ ఒక్క కంప ఎందుకు?"

"ఎందుకో మీరే చూస్తున్నారుగా" అని ఆమె కంప దించింది. "ఆ మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ వెళతారా, వణుకుతూ ఇక్కడే నిలబడతారా? వెళ్ళేటట్టయితే ఈ తొడుగులు తీసుకోండి. నీళ్ళకి ఈ సొరబుర్ర."

"భయంగా ఉంది."

"నాకు లేదనుకున్నారా? భయపడుతూ వెళ్ళండి."

రాకుమారుడు ఆ సందులోంచి బయటికి పోయాడు. మానేయని పనిమీద మాంత్రికుడికి హక్కు లేదు మరి.

అడవిలో గూట్లోంచి కాకిపిల్ల పడి ఉంది. చుట్టూ పులి అడుగులు. ఎవరో చూసుకుంటారులే అనబోయి, నాలుక కరుచుకుని, వణుకుతూ చెట్టెక్కి గూట్లో పెట్టాడు. కాకి అంది: "నాయనా, మాలో ఒకరికి మేలు చేస్తే అందరికీ చేసినట్టే. ఆ మాంత్రికుడి ప్రాణం ఏడో సముద్రం దీవిలో చిలకలో ఉంది. దారి చూపిస్తాను." ఇంకొంత దూరంలో గోతిలో ముళ్ళపంది పడి ఉంది. వణుకుతూ దిగి పైకెత్తాడు. అదీ వెంట వచ్చింది. ముళ్ళపంది ముళ్ళు విసురుతుందని కొందరు అంటారు, అది అబద్ధం. రాలతాయి, అంతే. సముద్రం ఒడ్డున పెద్ద తాబేలు వెల్లకిలా పడి ఎండకి మాడుతోంది. వణుకుతూనే దాన్ని బోర్లా తిప్పాడు. "ఎక్కు నాయనా" అంది తాబేలు.

ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. అద్దంలా ఉంది. అందులో వీళ్ళ నీడలు పడలేదు. నీడ లేని నీళ్ళమీద పోతుంటే రాకుమారుడి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

దీవి అంతా ముళ్ళ డొంక. ముళ్ళపంది ముందు నడిచి దారి చేసింది. నడిమధ్యన మోడుకి ఒక పంజరం వేలాడుతోంది. పంజరంలో చిలక, గద్దంత పెద్దది. దాని నోట రేగుగిరి గొంతులు వస్తున్నాయి. గవరయ్య పక్కింటివాడి గొంతుతో "ఎవరో వెళతారులే" అంది. రాజు గొంతుతో "రాజే చూసుకుంటాడు" అంది. ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క కొత్త ఈక మొలుస్తోంది. తర్వాత మెడ తిప్పి రాకుమారుణ్ణే చూస్తూ, అతని గొంతుతోనే అంది: "అన్నలున్నారుగా, వాళ్ళు చూసుకుంటారులే."

ఎప్పుడన్నాడో గుర్తొచ్చింది. పెద్దన్న కత్తి పట్టుకుని వెళుతున్నప్పుడు.

అప్పుడు చూశాడు, పంజరంలో నీళ్ళ చిప్ప ఎండిపోయి బీటలు తీసి ఉంది. చిలక ముక్కు తెరిచి రొప్పుతోంది.

"నీకు నీళ్ళు ఎవరు పోస్తారు?"

"మొదట్లో ఆయన పోసేవాడు. ఊరి మాటలతోనే బతుకుతానని మానేశాడు" అంది చిలక, ఈసారి తన గొంతుతో.

రాకుమారుడు సొరబుర్ర వంచి చిప్ప నింపాడు.

సముద్రం చీలింది. జటాకంటకుడు లేచాడు, కొండంత ముళ్ళ కుప్పలా. "దొంగా! నా పక్షిని వదులు!"

మందారకేతు భయపడుతూనే అన్నాడు: "ఒకడు మానేసిన పనిని ఇంకొకడు అందుకుంటే సొత్తు అందుకున్నవాడిది. నీళ్ళు పోయడం నువ్వు మానేశావు. నేను అందుకున్నాను. చిలక నాది. నియమం నీదే."

మాంత్రికుడు మెల్లగా నవ్వాడు. "తీసుకుపో. కాని దాని మెడ విరిస్తే ఆ క్షణమే నా కంచె మాయమవుతుంది. కంచె వెనక ఏమేమి నిలబడి ఉన్నాయో చూసుకున్నావా? విరవకపోతే కంచె నడుస్తూనే ఉంటుంది. నేను నీ వెనకే వస్తాను. తొందరేమీ లేదు."

అన్నట్టే వచ్చాడు. ఏడు సముద్రాలమీదా వెనక్కి తిరిగి చూస్తే అంతే దూరంలో నడిచి వస్తున్నాడు. దగ్గరపడడు, దూరం కాడు. ఎండుటాకుల్లో పాము చప్పుడు.

ఊరు చేరేసరికి కంచె ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చేసింది. దాని వెనక బుసలు, గుర్రులు, నేలని కోరలతో దున్నుతున్న చప్పుడు. రాజుకి సంగతంతా చెప్పాడు.

"అయితే చిలక చచ్చేలోగా మన కంచె మనం వేసుకోవాలి" అన్నాడు రాజు. చాటింపు వేయించాడు: కంప వేయనివాడికి కొరడా దెబ్బలు! జనం వేశారు. ముల్లు లేని ఎండుపుల్లలు వేశారు. చిలకకి ఈక ఒక్కటీ రాలలేదు. మళ్ళీ చాటింపు: కంప వేసినవాడికి బెల్లం అచ్చు! జనం ఎగబడ్డారు. పక్కింటి ముందు వేసినది లాక్కొచ్చి తాము వేసినట్టు చూపించి అచ్చులు పట్టుకుపోయారు. చిలక ఇంకా కొవ్వెక్కింది.

మూడో చాటింపు వేయబోతుంటే మందారకేతు, "నాన్నగారూ, డప్పు ఆపించండి" అన్నాడు. తోలు తొడుగులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఊరి నడుమ చెట్టుకి ఒక రేగు కంప నరికి, ఓబుళవ్వ గుడిసె ముందు పెట్టాడు. కోట వాటా అదే కదా.

తలుపు తెరిచింది ముసలమ్మ. "కోటవాళ్ళకి ఇన్నాళ్ళకి నేను గుర్తొచ్చానా?"

"మరిచిపోయాం అవ్వా. తప్పయింది."

"నువ్వు నాకు వేస్తే నేను కూర్చుంటానా? చచ్చినదాన్ననుకున్నావా?" అని విసుక్కుంటూ కొడవలి దించి, తన కుడిచేతి ఇంటి ముందు కంప వేసింది. ఆ ఇంటివాడు కిటికీలోంచి చూశాడు. ముసలిది వేస్తే తాను ఊరుకోవడానికి సిగ్గేసింది. వాడు వేశాడు. వాణ్ణి చూసి వాడి పక్కవాడు వేశాడు. ఒక్కొక్క కంపకీ చిలక ఈక ఒక్కొక్కటి రాలింది. ఇంటినుంచి ఇంటికి, దండ గుచ్చినట్టు, కంప వేసే వరస సగం ఊరు తిరిగింది.

దండభద్రుడి ఇంటి దగ్గర ఆగిపోయింది.

"నేను అధికారిని. కంప వేయించేవాణ్ణి గాని వేసేవాణ్ణి కాను. పైవాళ్ళు చూసుకుంటారులే" అన్నాడు ఆయన అరుగుమీద కూర్చుని.

రాలిన ఈకలు చిలకకి మళ్ళీ మొలవసాగాయి. ఆయన కుడిచేతి వైపు గవరయ్య ఇల్లు. ఆ గుమ్మం ముందు ఖాళీలో జటాకంటకుడు వచ్చి నిలబడ్డాడు. కంచె కిర్రుమని వేళ్ళు పెకలించుకుంది. గవరయ్య పిల్లలు లోపలినుంచి ఏడుస్తున్నారు. అందరూ అందరి మొహాలూ చూసుకుంటున్నారు.

అప్పుడు దయాసింహ మహారాజు జనంలోంచి వచ్చాడు. చేతులకి తొడుగులు లేవు. పుట్టి బుద్ధెరిగి కంప ముట్టనివాడు, కౌగిలించుకున్నట్టు తుమ్మ కంప ఎత్తుకున్నాడు. మోచేతుల దాకా నెత్తురు కారింది.

"రాజా, ఇది నీ వాటా కాదే?" అన్నాడు మాంత్రికుడు.

"కాదు. ఒక ఇంటివాడు వేయలేదు. వేయనిచోట వేయడానికి నేనున్నాను. అన్నిచోట్లా వేయడానికి కాదు. అది తెలియక నిన్ను ఇంట్లోకి పిలిచాను" అని వాడి కాళ్ళ దగ్గరే కంప దించాడు.

గవరయ్య కుంటుకుంటూ తన కుడిచేతి ఇంటికి పరిగెత్తాడు. మళ్ళీ వరస సాగింది. చివరికి మాణిక్యం కోట ముందు కంప పెట్టింది. మొదలూ చివరా కలిశాయి.

చిలక ఆఖరి ఈక రాలింది. అది పిట్టంతదై, సొరబుర్రలో నీళ్ళు ఒక్క గుక్క తాగి తల వాల్చింది. జటాకంటకుడు గుప్పెడు ఎండు ముళ్ళై కూలాడు. తాటిచెట్టంత కంచె పొగలా లేచిపోయింది.

దాని వెనక అవి నిలబడి ఉన్నాయి. చిరుతలు, పందులు, దుమ్ములగొండులు, వరసగా. వాటికీ ఊరికీ మధ్య ఇప్పుడు నడుమెత్తు రేగు కంప. ఒక ముసలి చిరుత ముందుకొచ్చి కంపమీద పంజా వేసింది. ఆగింది. పంజా వెనక్కి తీసి నాకుకుంది. వెనుదిరిగి అడవిలోకి పోయింది. దాని వెనక మిగతావీ పోయాయి.

తుమ్మచెట్టు ఉన్నచోట రత్నకేతు తుమ్ముతూ లేచాడు. చండకేతు తలపాగా వెతుక్కుంటూ వచ్చాడు. గవరయ్యకి సారె దొరికింది. దానిమీద ఎవరో సగం చేసిన కుండ ఉంది. ఆయన దాన్ని తాకకుండా పూడ్చిపెట్టాడు.

మందారకేతు మాణిక్యాన్ని అడిగాడు: "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"పెళ్ళయ్యాక నేను కోటలో ఉంటాను. మా ఇంటి వాటా ఎవరు వేస్తారు? మా నాన్నకి చూపు ఆనదు."

"అల్లుణ్ణి నేను లేనా?"

"అయితే సరే. ఉరుముకి మాత్రం నన్ను లేపకండి."

పెళ్ళి ఘనంగా జరిగింది. ఊరంతా తలా ఒక గిన్నె తెచ్చి వండింది. రాజు ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏలాడు. కొడవళ్ళకి సాన పెట్టించేవాడు, అందరికీ తొడుగులు కుట్టించి ఇచ్చేవాడు. వేయలేమని చెప్పినవాళ్ళ వాటా చాటింపు లేకుండా తానే వేసేవాడు. అంతకు మించి కంచె జోలికి పోలేదు. నిండు ముసలితనంలో కన్నుమూశాడు.

చండకేతుకి సేన, ఉత్తరాన కోట వచ్చాయి. రత్నకేతుకి ఖజానా, ఓడలు వచ్చాయి. మందారకేతుకి సింహాసనం, మాణిక్యంతో కలిసి దాన్ని చిరకాలం ఏలే భాగ్యం, ఓబుళవ్వ గుడిసె ముందు కంప వేసే వాటా వచ్చాయి. ఆనాడు రాజు మోచేతులకి కట్టిన నెత్తుటి గుడ్డ మాణిక్యం తీసుకుంది. ఓబుళవ్వ తన కొడవలిని, వారసులు లేరు గనుక, కోటకే ఇచ్చిపోయింది.

దండభద్రుడికి ఏమీ రాలేదు. పదవి పోయింది, భూమి రాలేదు, రాజు పోయేముందు ఆయన పేరే తలవలేదు. అయినా ప్రతి అమావాస్య పొద్దున ఆయన ఎడమచేతి ఇంటివాళ్ళు ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చి, ఆయన గుమ్మం ముందు మంచి ముళ్ళున్న కంప చూసి వేసిపోయేవారు.